సవరణ: భార్య థాయ్ పౌరురాలైతే 8 లక్షల బాత్ అక్కర్లేదు

రిటైరై థాయ్‌లాండ్‌లో స్థిరపడే విదేశీయుల వీసాల గురించి పోయినసారి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

50 ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా సరే బ్యాంకులో 8 లక్షల బాత్ (థాయ్ కరెన్సీ) చూపించాల్సిందే అన్నాను. ఆ 8 లక్షలు, లేదా నెలకు 65,000 ఆదాయం చూపించాల్సింది రిటైర్మెంట్ పేరుతో అక్కడ ఉండే గడువుకు పొడిగింపు అడిగేవాళ్లు మాత్రమే. భార్య థాయ్ పౌరురాలైతే పెళ్లి ఆధారంగానూ ఏడాది పొడిగింపు అడగొచ్చు. దానికి బ్యాంకులో 4 లక్షలు గానీ, నెలకు 40,000 ఆదాయం గానీ చాలు. పైగా వర్క్ పర్మిట్ తెచ్చుకుని పని చేసుకునే వీలుంది. రిటైర్మెంట్ వాళ్లకు అది లేదు.

సగం డబ్బే కదా అని సంబరపడకండి, మిగతా సగం కాగితాల రూపంలో కట్టాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ తాజా నకలు, ఇంటికి దారి చూపే మ్యాప్, ఇంటి నంబరు కనబడేలా గుమ్మం ముందు ఇద్దరూ నిలబడి దిగిన ఫోటో... ఇవన్నీ ఇచ్చాక కూడా చేతికొచ్చేది ముందు ‘పరిశీలనలో ఉంది’ అనే ముద్రే. ఓపిక లేనివాళ్లకు రిటైర్మెంట్ దారే నయమని నా అభిప్రాయం. కానీ అందులో పొడిగింపు వచ్చాక మరో 3 నెలలు ఆ 8 లక్షలు కదపకూడదు, ఆ తర్వాతా 4 లక్షలకు తగ్గకూడదు.

రెండోది, ఏడాది పొడిగింపు ముద్ర పడితే ఎన్నిసార్లైనా దేశం దాటి రావొచ్చన్నాను. కుదరదు. రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా విమానం ఎక్కితే ఆ పొడిగింపు అక్కడితో రద్దు.