పదేళ్ల వీసా ధీమా, ఆరు నెలల గడువు

పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఉంది కాబట్టి ఎన్నాళ్లైనా ఉండొచ్చనుకునే తల్లిదండ్రులు విజయవాడ, గుంటూరుల్లో ఇంకా ఉన్నారు. ఆ వీసా మనల్ని అక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్ వరకే తీసుకెళ్తుంది. ఎంతకాలం ఉండొచ్చో కౌంటర్‌లో కూర్చున్న అధికారి ఆ రోజే తేల్చి, ఐ-94 రికార్డులో ఒక తేదీ నమోదు చేస్తాడు. బీ-2 అనే సందర్శకుల వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఇదంతా అందరికీ తెలిసిందేనని కొందరంటారు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న కొడుక్కి తెలుసు, కోడలికి తెలుసు. ఆ తేదీ దాటితే నష్టపోయే డెబ్బై ఏళ్ల అమ్మకు మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ చెప్పరు.

ఒకప్పుడు ఈ పరిస్థితి లేదు. విమానంలో తెల్ల కార్డు ఇచ్చేవారు. దిగాక అధికారి దాని మీద తేదీ వేసి, కింది ముక్కను పాస్‌పోర్టుకు పిన్ చేసేవాడు. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా అది జాగ్రత్తగా దాచుకోవాల్సిన కాగితమని అర్థమయ్యేది. 2013లో విమాన ప్రయాణికులకు ఆ కార్డు తీసేసి ఆన్‌లైన్ చేశారు. ఇప్పుడు కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ముద్ర కూడా వేయడం లేదు. అమెరికా సరిహద్దు తనిఖీ విభాగమైన సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి చూసుకుంటే తప్ప తేదీ కనిపించదు. అంటే ఆ తేదీ పూర్తిగా పిల్లల ఫోన్‌లోకి వెళ్లిపోయింది.

దాటితే ఏమవుతుందో కూడా తేలిగ్గా తీసుకుంటున్నారు. బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కబుర్లు దీనికి ఒక కారణం. థాయిలాండ్‌లో రెండు రోజులు ఎక్కువైతే రోజుకు 500 బాత్‌ల చొప్పున ఎయిర్‌పోర్టులో కట్టి విమానం ఎక్కేయొచ్చు. దుబాయిలోనూ రోజుకింత అని జరిమానా ఉంది. 'ఎక్కడైనా ఫైన్ కడితే సరిపోతుంది' అన్న నమ్మకం అలా పాకింది. అమెరికాలో అలా కట్టి బయటపడే కౌంటర్ లేదు. ఐ-94 తేదీని ఒక్క రోజు దాటినా ఆ పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి తిరిగొస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వస్తే పదేళ్లు ఆ దేశంలోకి రానివ్వరు. 1996 నుంచీ ఉన్న చట్టమే ఇది. 2025 మేలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం గడువు దాటి ఉండొద్దని భారతీయులను బహిరంగంగా హెచ్చరించింది కూడా.

ముప్పై ఏళ్ల కుర్రాడికి మూడేళ్ల నిషేధం పెద్ద దెబ్బే, అయినా కోలుకుంటాడు. 74 ఏళ్ల నాన్నకు ఆ మూడేళ్లు ఏమవుతాయో ఆలోచించండి. మోకాళ్లు, గుండె, చక్కెర, ఇవన్నీ కలిసి ఆ ప్రయాణాన్ని మళ్లీ సాధ్యం కానివ్వకపోవచ్చు. కొడుక్కి అక్కడ సెలవు దొరక్క, లేదా ఇక్కడికొస్తే తన వీసాకు మళ్లీ స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో ఇండియా రాలేకపోతే, ఇక మనవడు వీడియో కాల్‌లోనే పెరుగుతాడు. నిషేధం లేకుండా వీసా ఒక్కటే పోయినా కష్టం తక్కువేం కాదు. 80 ఏళ్లు నిండినవాళ్లకు ఇంటర్వ్యూ అక్కర్లేదన్న సౌకర్యాన్ని 2025 సెప్టెంబరులో తీసేశారు. ఆ వయసులో మళ్లీ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దాకా వెళ్లి అధికారి ముందు నిలబడాలి.

గడువు పెంచుకునే దారి చట్టంలోనే ఉంది కదా అని అడుగుతారు. ఉంది. గడువు ముగియకముందే ఐ-539 దరఖాస్తు పెట్టి, సరైన కారణం చూపిస్తే, నిర్ణయం వచ్చేదాకా ఉన్న రోజులను అక్రమంగా లెక్కించరు. కాన్పులో ఇబ్బంది వచ్చినా, అక్కడికి వెళ్లాక నాన్నకు స్టెంట్ వేయాల్సి వచ్చినా ఎక్స్‌టెన్షన్ అడగడమే సరైన పని. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నేను అడ్డు చెప్పేది అలవాటుగా మారిన ఎక్స్‌టెన్షన్‌కు. మన ఇళ్లలో లెక్క ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కాన్పుకు ముందు అమ్మాయి తల్లిదండ్రులు వెళ్తారు. వాళ్ల ఆరు నెలలు అయ్యాక అబ్బాయి తల్లిదండ్రులు దిగుతారు. మధ్యలో ఎవరి ప్రయాణమో కుదరకపోతే, ఉన్నవాళ్లనే ఇంకో మూడు నెలలు ఉంచేయడానికి ఫారం నింపుతారు. డేకేర్ ఖర్చు అక్కడ భరించలేనంత ఉన్న మాట నిజమే. ఆ భారం తీర్చడానికి అమ్మానాన్నల రికార్డును పణంగా పెట్టడం మాత్రం అన్యాయం. నిర్ణయం రావడానికి నెలలు పడుతుంది. అది వచ్చేలోపే వాళ్లు తిరిగొచ్చేయడం మామూలు. తిరస్కరించాక కూడా అక్కడే ఉంటే అక్రమ రోజుల లెక్క మొదలవుతుంది. తర్వాతిసారి ఎయిర్‌పోర్టులో 'పోయినసారి తొమ్మిది నెలలు ఎందుకున్నారు' అని అధికారి అడిగితే జవాబు చెప్పాల్సింది ఆ పెద్దావిడే. పక్కన కొడుకు ఉండడు. నయాగరా చూడ్డానికి కెనడా వైపు వెళ్లొస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయన్న మాట కూడా నమ్మొద్దు. అలాంటి చిన్న ప్రయాణానికి పాత తేదీనే కొనసాగించవచ్చు.

ఆరు నెలలు ఇచ్చారు కాబట్టి ఆరు నెలలూ ఉండి తీరాలని ఎక్కడా లేదు. అయిదు నెలలకే రిటర్న్ టికెట్ తీసుకోవాలి. ఫ్లైట్ రద్దయినా, జ్వరం వచ్చినా ఆ చివరి నెల ఆదుకుంటుంది. బీపీ, షుగర్ మాత్రలు ఇక్కడి నుంచే లెక్కపెట్టి తీసుకెళ్తాం. పాత జబ్బులకు చాలా విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో పూర్తి కవరేజీ ఉండదు. అక్కడ గడిపే ప్రతి అదనపు నెలా ఆరోగ్యపరంగానూ రిస్కే.

దారిలో యూరప్ చూసి రావాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలన్నీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడ రాకపోకలను వేలిముద్రలు, ఫొటోలతో కంప్యూటర్‌లో నమోదు చేయడం మొదలుపెట్టారు. ముద్ర సరిగ్గా పడలేదు, ఎవరూ చూడలేదు అనే కాలం అక్కడా పోయింది.

అసలు ఈ చిక్కంతా పెద్దవాళ్ల ప్రయాణాన్ని పెద్దవాళ్లు నిర్ణయించకపోవడం వల్ల వచ్చింది. బ్రాడీపేటలో ముప్పై ఏళ్లు ఇంటి లెక్కలన్నీ చూసిన ఇల్లాలు, స్కూల్ హెడ్‌మాస్టరుగా రిటైరైన నాన్న, విమానం ఎక్కగానే సొంత పాస్‌పోర్టు కూడా దగ్గర లేని మనుషులైపోతున్నారు. ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు రావాలో, ఏ ఫారం మీద సంతకం పెట్టాలో అన్నీ పిల్లలే చెబుతారు. 'వచ్చే నెల వెళ్లిపోతానురా' అనడానికి మొహమాటపడే తల్లులు ఎందరో. కెనడా సూపర్ వీసాతో తల్లిదండ్రులను ఒక్కో రాకలో అయిదేళ్ల వరకు ఉండనిస్తోంది. ఆస్ట్రేలియా మూడేళ్లు, అయిదేళ్ల పేరెంట్ వీసా పెట్టింది. అమెరికాలో అలాంటి వీసా లేదు. లేనిదాన్ని ఎక్స్‌టెన్షన్లతో మనమే తయారు చేసుకుందామంటే దెబ్బ తగిలేది ముసలివాళ్లకే.

గల్ఫ్‌కు పనికి వెళ్లే కార్మికులకు కేంద్ర విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందే అవగాహన శిక్షణ ఇస్తోంది. మనవళ్ల కోసం వెళ్లే తల్లిదండ్రులకు అలాంటిది ఎందుకు ఉండకూడదు? ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ విజయవాడలో, గుంటూరులో నెలకో పూట కూర్చోబెట్టి తెలుగులో చెబితే చాలు: ఐ-94 ఎక్కడ చూసుకోవాలి, ఇన్సూరెన్స్ దేనికి వర్తించదు, అధికారి అడిగితే ఏం చెప్పాలి. ఇక పిల్లలు చేయాల్సింది అంతకన్నా చిన్న పని. అమ్మానాన్నలు దిగిన వారంలోపే ఐ-94 ప్రింట్ తీసి, తేదీ కింద గీత గీసి, పాస్‌పోర్టుతో సహా వాళ్ల చేతికే ఇవ్వాలి. తిరుగు ప్రయాణం ఎప్పుడో వాళ్లనే అడిగి, ఆ తేదీకే టికెట్ తీయాలి.