జొడా తెలొ

నెత్తి మీద జిడ్డు ఇంకా పూర్తిగా వదల్లేదు. మూడుసార్లు షాంపూ, ఒకసారి కుంకుడుకాయ అయ్యాయి. అయినా తల వాలిస్తే దిండు జారిపోతోంది. ఇది ఆరేలోపే రాసేయాలి. ఆరిపోతే నా తప్పేమీ లేదని నాకే అనిపించడం మొదలవుతుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురం దగ్గర బి.ఫార్మసీ, మొదటి సెమిస్టర్. మా ల్యాబ్ బ్యాచ్‌లో 20 మందిమి. 11 మంది ఒడియావాళ్ళు, 9 మంది తెలుగువాళ్ళు. ఆ తొమ్మిదిలో ఎనిమిది మంది ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు వాళ్ళు. వాళ్ళకి ఒడియా రాదు. నాకు వచ్చు. వచ్చని చెప్పింది కూడా నేనే.

మొదటి రోజే ఒకమ్మాయి, "మీ ఊర్లో అందరికీ రెండు భాషలూ వచ్చీస్తాయంట కదే?" అంది. కాదనలేకపోయాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆ ఊరి నీళ్ళు తాగి నేను ఒడియా రాదంటే ఊరి పరువేం కావాలి? నిజం చెప్పాలంటే నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజార్లో ఒడియా. అంటే నా ఒడియా ఆటోబేరం దగ్గర మొదలై వంకాయల దగ్గర ఆగిపోతుంది. ఈ రెండో సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలల పాటు ఎనిమిది మందికి దుబాసీగా గౌరవంగా బతికాను. క్యాంటీన్‌లో నా టీ డబ్బులు నేను ఇచ్చుకున్న రోజులు తక్కువ.

ఫార్మాస్యూటిక్స్, అంటే మందులు తయారుచేసే సబ్జెక్టు, ప్రాక్టికల్ పరీక్ష. 35 మార్కులు, 4 గంటలు. ముందు రోజు రాత్రి పది దాటాక మా గ్రూపులో ల్యాబ్ అటెండర్ వాయిస్ మెసేజ్ పడింది. ఆయన్ని అందరం భాయినా అంటాం, ఒడియాలో అన్నయ్య అని. ఆయన చాలా మంచివాడు, కాని ఏం చెప్పాలన్నా కదిలే బస్సులోంచే చెబుతాడు. కాలేజీలో నోటీసు బోర్డని ఒకటుంది. దానికి అద్దం తలుపు ఉంది, తలుపుకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని మా చదువులకి సంబంధించిన ముఖ్యమైన సంగతులన్నీ బస్సు హారన్ల మధ్యలోంచే వినాలి.

మెసేజ్ ఇది: "కాలి సమస్తే జొడా తెలొ..." ఇక్కడ పెద్ద హారన్. "...కి ఆసిబొ."

ఎనిమిది మందీ నా మంచం చుట్టూ చేరారన్నట్టే. మగపిల్లలు వీడియో కాల్‌లో చేరారు. నేను కళ్ళు మూసుకుని రెండోసారి విన్నాను. రెండోసారి వినడం అవసరమై కాదు, దుబాసీ అన్నాక కొంచెం బిగువు ఉండాలి.

"కాలి" అంటే రేపు. "సమస్తే" అంటే అందరూ. "తెలొ" అంటే నూనె, తైలం. "ఆసిబొ" అంటే రండి. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నా ప్రతిభంతా "జొడా" దగ్గర బయటపడింది. ఒడియావాళ్ళ నోట్లో మన "అ" కాస్తా "ఒ" అవుతుంది. జగన్నాథుడే జొగొన్నాథొ అవుతాడు, ఇక మనమెంత. కాబట్టి "జొడా"లో ఆ "ఒ"ని వెనక్కి "అ" చేయండి. ఏమొచ్చింది? జడ. జడ నూనె. అంటే తలకి రాసుకునే నూనె.

నిజానికి ఒడియాలో జడని బేణి అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదిది, మరీ ఎక్కువ తెలిసి చేసింది. ఆయనకి మేం తెలుగువాళ్ళమని తెలుసు కదా, మాకు అర్థం కావాలని పాపం మన మాట నేర్చుకుని మరీ వాడాడు అనుకున్నాను. ఆ మంచితనానికి కాసేపు మనసు కరిగింది కూడా.

ఇక హారన్ మింగేసిన మాట. "నేయికి ఆసిబొ" అయితే తీసుకురండి అని. "లొగేయికి ఆసిబొ" అయితే రాసుకుని రండి అని. తలనూనె పరీక్షకి తీసుకెళ్ళి ఏం చేస్తాం? రాసుకునే వెళ్ళాలి. పైగా కిందటేడు ఎక్స్‌టర్నల్, అంటే పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చే మాస్టారు ఎవరో, వాచ్ గ్లాసులో తలవెంట్రుక కనపడిందని ఒకమ్మాయిని నిలబెట్టి కడిగేశారని సీనియర్లు చెప్పుకుంటారు. అంతా అతికినట్టు సరిపోయింది. "ఎక్స్‌టర్నల్ గారికి గాల్లో ఎగిరే జుట్టు పడదట. అందరూ తలకి బాగా నూనె పెట్టి, బిగించి అల్లుకు రావాలట" అని తీర్పు చెప్పాను. అటెండర్ చెప్పింది నాలుగు మాటలు, నేను చెప్పింది రెండు వాక్యాలు. ఆ తేడా ఎవరూ గమనించలేదు.

"నాకెందుకే నూనె?" అన్నాడు పలాస కుర్రాడు ఫోన్‌లోంచి. ఆ ముందు వారమే సింహాచలంలో మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చాడు. నిబంధన నిబంధనే, రాసుకో అన్నాను. నాకు అప్పటికే కొంచెం అధికారం తలకెక్కింది.

జనవరి నెల, తెల్లవారి చలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టేస్తుంది. సీసాలని వేడినీళ్ళ బకెట్లో ముంచి కరిగించాం. హాస్టల్లో ఒకరి వెనక ఒకరు రైలుబోగీల్లా కూర్చుని, ముందున్నవాళ్ళ తలకి నూనె పట్టించాం. ఎవరికీ లోటు చేయలేదు. పరీక్ష కదా అని మామూలుకంటే రెండింతలు పెట్టాం.

ల్యాబ్ గుమ్మం దగ్గర రోల్ నంబర్ల వరసలో నిలబెట్టారు. ముందు ఒడియా పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో చిన్న సీసా. దగ్గుమందు సీసా ఒకరిది, పెరుగు డబ్బా ఒకరిది. భాయినా పెద్ద బీకరు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ వెళ్ళి తమ సీసాలోది అందులో ఒంపుతున్నారు. చిక్కగా, లేత పసుపు రంగులో, తీగలు తీగలుగా దిగుతోంది.

ఈ దృశ్యం చూశాకైనా మెదడున్నవాళ్ళకి ఏదో తట్టాలి. నాకూ తట్టింది. ఏం తట్టిందంటే, "పాపం, వీళ్ళు 'లొగేయికి'ని 'నేయికి' అనుకున్నట్టున్నారు. సొంత భాషే సరిగ్గా వినలేదు. రాసుకోకుండా నూనె చేత్తో పట్టుకొచ్చారు. భాయినా వెనక్కి తీసేసుకుంటున్నాడు" అని. వాళ్ళ మీద జాలి పడ్డాను. నా వెనకాల వరసలో ఉన్న ఎనిమిది మంది వైపు తిరిగి, అంతా సవ్యంగానే ఉంది అన్నట్టు తలూపాను. ఆ ఊపుకి ఒక నూనెచుక్క చెంప మీదుగా ఏప్రన్ కాలర్‌లోకి దిగింది.

నా వంతు వచ్చింది. భాయినా బీకరు ముందుకి చాపి, "జొడా తెలొ?" అన్నాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. నిన్నటి నుంచీ నేనిక్కడే ఆగిపోయి ఉన్నాను. మనిషి ఒక గిన్నె చాపి నూనె అడిగితే, లేదనో మర్చిపోయాననో చెప్పడం లోకరీతి. నేను ఆయన వైపు చూసి నవ్వాను. పరీక్ష బాగా రాసొచ్చిన పిల్ల నవ్వే నవ్వు. మెల్లగా తల పక్కకి వంచి, వీపు మీద ఉన్న జడని రెండు చేతులతో ముందుకి తెచ్చి, చివర రబ్బరుబ్యాండు దగ్గర పట్టుకుని, బీకరు మీదకి ఎత్తి చూపించాను. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కి తక్కెడ చూపించే కోమటిలా.

ఆయన జడ వైపు చూశాడు. బీకరు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. ఈ ల్యాబులో పగిలిన బ్యూరెట్లు చూశాడు, గ్యాస్ బర్నర్‌కి అంటుకున్న దుపట్టాలు చూశాడు, థర్మామీటర్ పగిలి బల్ల మీద పరిగెత్తిన పాదరసాన్ని చేత్తో పట్టుకోబోయిన వీరుల్ని చూశాడు. ఇది మాత్రం చూసి ఉండడు. అర్థమయ్యేలా మళ్ళీ అడుగుదామనుకున్నాడేమో, ఈసారి ఇంకా నిదానంగా, "జొ...డా... తెలొ" అన్నాడు. ఆయనకి సరిగ్గా కనపడలేదనుకుని నేను జడని ఇంకొంచెం కిందకి దించాను. నాలుగు నెలల నా భాషాసేవకి ఫలితంగా, జడ చివర వేలాడుతున్న చుక్క ఒకటి ఊగి, ఊగి, తీరిగ్గా బీకర్లో పడింది.

వెనక ఎనిమిది మందీ అది చూసి, ఇదేదో తంతు కాబోలనుకుని, వాళ్ళ జడలు వాళ్ళు ముందుకి తెచ్చుకున్నారు. నిజం. వరసగా. మగపిల్లలు తలలు వంచారు. చిట్టచివర పలాస గుండు ట్యూబులైటు వెలుగంతా లాక్కుని ధగధగా మెరుస్తోంది.

లోపల కుర్చీలోంచి ఎక్స్‌టర్నల్ గారు లేచి వచ్చారు. కళ్ళజోడు మీంచి తొమ్మిది తలల్నీ చూసి, ఇంగ్లీషులో నన్ను అడిగారు: "నూనె తీసే పద్ధతులేమిటి?"

వైవా, అదే నోటి పరీక్ష, మొదలైందనుకున్నాను. "కోల్డ్ ఎక్స్‌ప్రెషన్, సార్. మందుకి వాడే నూనెని వేడి చేయకుండా పిండి తీస్తారు" అన్నాను. సరైన జవాబే. ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క సరైన జవాబు.

"అయితే పిండు" అన్నారాయన, తెలుగులో. "జొడా తెలొ అంటే ఆముదం, తల్లీ."

ఆముదం. ఆ రోజు చేయాల్సింది ఆముదం ఎమల్షన్, అంటే నూనె, నీళ్ళు విడిపోకుండా జిగురుతో కలిపే మందు, అని నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రమంతా దాని లెక్కలే బట్టీ పట్టాను. కాని ఆముదం ల్యాబ్‌లో ఉంటుందని కదా అనుకుంటాం! ల్యాబ్ ఫీజని ఒకటి కట్టించుకున్నారు కదా. రసీదు మా నాన్న బీరువాలో దాచారు కదా. ఆముదం కోసం ఇండెంట్ పెట్టారట, దాని మీద ఎవరిదో సంతకం కాలేదట, అందుకని పిల్లల్నే కాస్త కాస్త తెచ్చుకోమన్నారట. ఇదంతా బస్సులో హారన్ల మధ్య, రాత్రి పదింటికి, ఒక్క ముక్కలో. ఈ ఘనకార్యంలో నా వాటా ఎంతో నాకు తెలుసు. మిగతా వాటా వాళ్ళెవరికైనా తెలుసా అని మాత్రం అడగకూడదు, ఇంటర్నల్ మార్కులు 15 వాళ్ళ చేతిలో ఉన్నాయి.

ఆముదం తాగిన మొహం అంటారే, అది తాగక్కర్లేకుండానే వస్తుందని ఆ పూట తెలిసింది. తొమ్మిది మందికీ ఒకేసారి వచ్చింది.

బీకర్లో ఉన్న ఆముదం 11 మందికే సరిపోతుందని, అందులో నా చుక్క కూడా కలిసింది కాబట్టి ముందు అది తీసేయాలని, అది ఎక్కడుందో కనపడటం లేదని కాసేపు చర్చ జరిగింది. చివరికి మా తొమ్మిది మందికీ లిక్విడ్ పారాఫిన్ ఇచ్చారు. అది మాత్రం స్టోర్‌లో క్యాను నిండా ఉందట.

డ్రై గమ్ పద్ధతిలో ఆముదం లాంటి నూనెలకి నిష్పత్తి 4:2:1. నూనె, నీళ్ళు, తుమ్మజిగురు పొడి. 12 మి.లీ. నూనెకి 6 మి.లీ. నీళ్ళు, 3 గ్రాముల జిగురు. నిద్రలో లేపినా చెబుతాను. లిక్విడ్ పారాఫిన్ ఖనిజ నూనె కాబట్టి 3:2:1 అవుతుంది, అంటే అదే 12కి 8 నీళ్ళు, 4 జిగురు. ఇది కూడా చదివాను, నిద్రలో లేపితే కూడా చెబుతాను. కాని ల్యాబులో అందరి ముందూ జడ పట్టుకుని నిలబడ్డాక అడిగితే చెప్పలేను. ఆముదం లెక్కే వేసి మోర్టార్‌లో నూరడం మొదలుపెట్టాను.

ప్రైమరీ ఎమల్షన్ కుదిరితే తెల్లగా మీగడలా అయి, నూరుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. పక్క బల్లల మీద ఒడియా పిల్లల మోర్టార్లన్నీ ఒకదాని తరవాత ఒకటి టిక్కుటిక్కుమంటున్నాయి. మా వైపు ఎనిమిది మందీ నన్ను చూసి 4:2:1 వేశారు. దుబాసీ కదా. తొమ్మిది మోర్టార్లూ మౌనం పాటించాయి.

తరవాత వైవా అయింది. అదెలా అయిందో రాయను.

సాయంత్రం హాస్టల్‌కి వచ్చేసరికి నా టీ డబ్బులు నేనే ఇచ్చుకోవలసి వచ్చింది. గదిలో కూర్చుని రెండోసారి షాంపూ ప్యాకెట్ చించుతుంటే అమ్మ ఫోన్ చేసింది. పరీక్ష ఎలా రాశావని అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు.

"చలికాలం, జుట్టు పీచులా అయిపోతుంది. తలకి నూనె రాసుకుంటున్నావా లేదా?" అంది.

ఫోన్ పెట్టేశాను.