కారు తాళాలు ఇచ్చే రోజే జాకీ వేయడం కూడా నేర్పాలి

అలిపిరి టోల్‌గేట్ దగ్గర ఎన్నిసార్లు డిక్కీ తెరిచి చూపించానో లెక్కలేదు. సామాన్లు దించి, స్కానింగ్‌లో పెట్టి, మళ్ళీ సర్దుకుని కొండెక్కేవాళ్ళం. ఆ డిక్కీ అడుగున ఉన్న మ్యాట్‌ను మాత్రం నాలుగేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. దాని కింద స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ ఉంటాయని తెలుసు. ఉన్నాయి కదా, చాలు అనుకున్నాను.

మొన్న జూన్‌లో ఒక ఆదివారం చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్నాం. అమ్మ, మా పిల్లలిద్దరు, నేను. గాదంకి ఇంకా కొంత దూరం ఉందనగా ఎడమ వెనక టైరులో గాలి మొత్తం దిగిపోయింది. సాయంత్రం ఐదున్నర దాటింది. పక్కనుంచి మామిడికాయల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇండికేటర్లు నాలుగూ వేసి, రోడ్డు దిగి మట్టి అంచున ఆపాను. పిల్లల్ని దించాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి కారులోనే కూర్చోనిచ్చాను. నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

జాకీని ఎక్కడ ఆనించాలో తెలియక, డోరు కింద ఇనుము గట్టిగా కనిపించిన చోట పెట్టి తిప్పాను. చక్రం నేల విడిచాక నట్లు విప్పబోతే ఒక్కటీ కదల్లేదు. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కాను. కారు మొత్తం ఊగింది. మెత్తటి మట్టిలో జాకీ పక్కకు ఒరిగింది, కారు ధభీమని కింద పడింది. లోపల అమ్మ కేక పెట్టింది. అంతకు నిమిషం ముందు నా చెయ్యి చక్రం కిందే ఉంది. ఇప్పటికీ ఆ చప్పుడు గుర్తొస్తే అరచేతులు చల్లబడతాయి.

ముందు ఆగిన లారీ డ్రైవర్ దిగి వచ్చాడు. వచ్చీ రాగానే ఆయన అడిగింది టైరు గురించి కాదు. "ఏమక్కా, అమ్మను లోపలే పెట్టుకొని జాకీ ఎక్కిస్తా ఉండావా? ముందు దించు. జాకీ మీద ఉండే బండ్లో మనిషిని ఉంచబాక" అన్నాడు. కారును మెల్లగా ముందుకు నడిపి, గట్టి నేల మీద నిలబెట్టించాడు. కుడి ముందు చక్రానికి ఇటూ అటూ రాళ్ళు పెట్టాడు. ఆ తర్వాత ఆయన చెబుతూ ఉంటే నేనే చేశాను. ఇంటికొచ్చాక కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివితే ఆయన చెప్పినవన్నీ అందులో ఉన్నాయి.

కారుతో ఇచ్చే జాకీ చిన్నది. కత్తెరలా తెరుచుకునే నాలుగు చేతులు, మధ్యలో ఒకే ఒక మరబోల్టు, కింద అరచెయ్యంత పాదం. నిలువుగా దిగే బరువును బాగా మోస్తుంది. పక్కకు తోస్తే మాత్రం నిలవదు. అందుకే నట్లను చక్రం నేల మీద ఉండగానే ఒక పావు చుట్టు వదులు చేయాలి. గాల్లోకి లేపాక బలం వాడితే ఆ బలమంతా జాకీని పక్కకు తోస్తుంది. నా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

జాకీ ఆనించే చోటు కూడా కంపెనీ ముందే గుర్తు పెట్టి ఉంచుతుంది. చాలా కార్లలో ముందు చక్రం వెనకాల, వెనక చక్రానికి ముందు, డోరు కింది రేకు అంచులో ఒక్కో చోట రెండేసి చిన్న గాట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. జాకీ తల ఆ రెంటి మధ్యే కూర్చోవాలి. నేను పెట్టిన చోట రేకు వంగిపోయింది, ఇంకా బాగుచేయించలేదు.

హ్యాండ్‌బ్రేక్ వేశాం, గేరులో ఉంచాం, ఇక రాయి ఎందుకు అనేవాళ్ళున్నారు. మన కార్లలో ఎక్కువ వాటికి హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే, ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలను. ముందు చక్రం ఒకటి పైకి లేపితే అది గాల్లో ఊరికే తిరగగలదు, కాబట్టి గేరు పట్టు దాదాపు పోయినట్టే. వెనక చక్రం లేపితే హ్యాండ్‌బ్రేక్‌కు నేల మీద మిగిలేది ఒక్క చక్రమే. అప్పుడు కారును కదలకుండా ఆపడానికి రాయి కావాలి. లేపిన చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి పెట్టాలి.

లారీ డ్రైవర్ నా చేత, ఊడదీసిన చక్రాన్ని దూరంగా పడేయకుండా జాకీ పక్కన కారు కిందికి పడుకోబెట్టించాడు. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. స్టెప్నీ బిగించేటప్పుడు నట్లు ముందు చేత్తో తిప్పి, ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ రమ్మన్నాడు. చివరి బిగింపు మాత్రం కారు కిందికి దించాకే.

ఇక నట్లు ఎందుకు కదల్లేదో చెప్పాలి. అంతకు నెల ముందే ఒక షాపులో టైర్లు మార్చి బిగించారు, గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్‌తో. మామూలు చిన్న కార్ల నట్లకు కావలసిన బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పొడవున్న స్పానర్ చివర 40 కిలోల బరువు వేసినంత. అంటే ఆడవాళ్ళైనా చేత్తోనే బిగించగలరు, కాలితో తొక్కితే విప్పగలరు. గన్‌తో టకటకా బిగించి పంపితే ఆ లెక్క ఎక్కడుంటుంది? దయచేసి షాపులో నిలబడి, చివరి బిగింపు చేతి స్పానర్‌తో చేయమని అడగండి. విసుక్కున్నా అడగండి.

నా అసలు కోపం షోరూమ్ మీద. దండ వేశారు, కేకు కోయించారు, ఫోటో తీశారు. ఇన్సూరెన్స్ గురించి అరగంట, కోటింగ్ గురించి అరగంట చెప్పారు. డిక్కీ మ్యాట్ ఎత్తి చూపించడానికి ఐదు నిమిషాలు దొరకలేదు. మేమైనా అడిగామా? అక్కడి నుంచి నేరుగా కాణిపాకం వెళ్ళి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఐదో చక్రంలో గాలి ఉందో లేదో ఎవరమూ చూడలేదు.

"నీకెందుకమ్మా ఇదంతా, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు" అని మా బంధువుల్లో మగవాళ్ళు అంటున్నారు. ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. ట్రాఫిక్ వైపు ఉన్న కుడి చక్రం పోతే, ఘాట్‌లో వాలు మీద ఆగితే, కింద నేల మెత్తగా ఉంటే జాకీ తీయకూడదు. టైరు పాడైనా సరే మెల్లగా మంచి చోటికి నడిపించుకోవాలి, లేదా జాతీయ రహదారి మీదైతే అక్కడి సహాయ నంబరు 1033కి ఫోన్ చేసి, రెయిలింగ్ అవతల నిలబడాలి. కానీ చదునైన చోట, వెలుతురులో, పిల్లలతో గంటలు గంటలు ఎవరి కోసమో ఎదురుచూడాల్సిన పని లేదు. చేతనైన పనిని ఆడదానివి అని ఆపొద్దు.

ఇంకో సంగతి. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకుండానే కారు అమ్మవచ్చు. మేకు దిగితే కిట్ పనికొస్తుంది. టైరు పక్కగోడ చీలితే పనికిరాదు. మీ కారులో స్టెప్నీ ఉందా, ఉంటే మిగతా నాలుగింటి సైజే ఉందా అని ఈరోజే చూడండి. సన్నది అయితే దాని మీదే గంటకు 80 దాటొద్దని రాసి ఉంటుంది.

పోయిన వారం మా అక్క వాళ్ళు కొత్త కారు తీసుకున్నారు. నేనూ వెళ్ళాను. కేకు తెచ్చి పెట్టారు. "కాస్త ఆగండి, ముందు ఒక చక్రం విప్పి బిగించాలి" అన్నాను. తాళాలు ఇవ్వడానికి వచ్చిన పిల్లవాడికి జాకీని క్లిప్పు నుంచి ఎలా తీయాలో తెలియలేదు. పుస్తకం తెరిచి ముగ్గురం చూసుకుంటూ తీశాం. అక్క పట్టుచీర కొంగు దోపుకుని స్పానర్ మీద కాలు పెట్టింది. మొదటి నట్టు కిర్రుమని కదిలింది. బావ కేకు సంగతి మరిచిపోయి పక్కన కూర్చుని, రెండో నట్టు నేను విప్పుతా అన్నాడు.