కష్టాలు కావలెను

విదేశాల్లోని ఇంటర్నేషనల్ బోర్డింగ్ స్కూళ్ల పిల్లలకు అన్నీ ఉన్నాయి, ఒక్క కష్టాలు తప్ప. ఈ కొరత గురించి ఏ ప్రభుత్వమూ నోరు మెదపకపోవడం బాధాకరం.

నవ్వకండి. అమెరికా యూనివర్సిటీల కోసం నింపే కామన్ యాప్‌లో 650 పదాలు దాటకుండా ఒక వ్యాసం రాయాలి. నీకు తగిలిన ఎదురుదెబ్బ ఏమిటి, దాన్నుంచి ఏం నేర్చుకున్నావు అని అందులో ఒక ప్రశ్న. వేరే ప్రశ్నలూ ఉన్నాయి, కావాలంటే వాటికే రాసుకోవచ్చు. కానీ పక్క గదిలోవాడు ఎదురుదెబ్బ రాస్తున్నాడని తెలిశాక ఎవరికి మనసొప్పుతుంది? స్విట్జర్లాండ్‌లో 1880 నుంచి నడుస్తున్న లె రోజే అనే స్కూలుంది. చలికాలంలో బడి బడంతా సరస్సు ఒడ్డు నుంచి ఆల్ప్స్ మంచుకొండల్లోకి మకాం మారుస్తుంది. అక్కడి పిల్లాడు ఎదురుదెబ్బ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? స్కీయింగులో చీలమండ బెణికితే అదే మహాభాగ్యం.

ఈ ముప్పును ముందుగా పసిగట్టినవాడు జర్మన్ విద్యావేత్త కుర్ట్ హాన్ అని నా అభిప్రాయం. ఆయన ఆలోచనతో 1962లో వేల్స్‌లోని ఒక పాత కోటలో అట్లాంటిక్ కాలేజీ పెట్టి, పిల్లల్ని చదువుతోపాటు సముద్రంలో ప్రాణరక్షణ పనికి దించారు. కాకపోతే అవి అమాయకపు రోజులు. మునిగేవాణ్ని పైకి లాగేసి ఊరుకునేవాళ్లు. ఆ అనుభవం తమనెలా మలిచిందో రాసి పెట్టుకోవాలన్న ఇంగితం ఉండేది కాదు.

ఇప్పుడా లోపం దిద్దుకున్నాం. ఈ స్కూళ్లలో చాలావాటిలో చివరి రెండేళ్లు చదివే ఇంటర్నేషనల్ బాకలారియేట్, అంటే ఐబీ డిప్లొమా చేతికి రావాలంటే ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల దాకా సాగే ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పరిశోధన వ్యాసం చాలవు. క్యాస్ పేరుతో సృజన, శారీరక శ్రమ, సేవ ఏడాదిన్నర పాటు సాగాలి. చేసినదాని వల్ల తానేం నేర్చుకున్నాడో రిఫ్లెక్షన్ పేరుతో రాయాలి. పిల్లాడు వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడకు అరగంట కథ చదివి వినిపిస్తాడు. ఆ అరగంటలో తనలో వచ్చిన మార్పు గురించి గంటన్నర టైపు చేస్తాడు. పెద్దావిడకు కథ నచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. చెస్ క్లబ్బులో ముగ్గురుంటే ఒకరు వ్యవస్థాపక అధ్యక్షుడు, ఒకరు సహ వ్యవస్థాపకుడు, మూడోవారు అంతర్జాతీయ వ్యవహారాల ఇన్‌ఛార్జి. ఆడదామంటే మనిషి దొరకడు.

అసలు అన్యాయం స్కాలర్‌షిప్ పిల్లల దగ్గర జరుగుతోంది. వీళ్లలో కొందరి దగ్గర కష్టాలు గుట్టలుగా పడున్నాయి. శరణార్థి శిబిరంలో పెరిగిన అమ్మాయి ఒకతె రాత్రి లైట్లు ఆర్పేశాక దుప్పటి కింద లాప్‌టాప్ వెలుతురులో వ్యాసం రాసుకుంటుంది. దేని గురించి? సైకిల్ గేర్ల గురించి. చైను ఒక పళ్లచక్రం వదిలి ఇంకోదాని మీదికి ఎక్కేముందు ఎటూ కాకుండా ఒక్క క్షణం తడబడుతుందట, ఆ చప్పుడు తనకిష్టమట. పక్క మంచం మీది పిల్లకు కడుపు తరుక్కుపోతుంది. అంత సరుకు పెట్టుకుని సైకిలా! 'నీ శిబిరం నువ్వెలాగూ వాడుకోవట్లేదు, నాకైనా ఇవ్వవే' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. మర్నాడు కౌన్సెలర్ కూడా మెల్లగా నచ్చజెబుతారు: 'గేర్లు బాగున్నాయమ్మా, ఎక్కడో ఒకచోట కాస్త సరిహద్దు కూడా తగిలిస్తే...'

ఒక్క జాగ్రత్త. కష్టం వ్యాసంలో ఉంటేనే అందం, ఫీజుల దగ్గర కనబడకూడదు. విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది పట్టించుకోకుండా సీటిచ్చేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటివి కొన్నే. చాలా చోట్ల అడగడమూ తూకంలోకి వస్తుంది. పేదరికాన్ని జయించానంటే చదివేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఇంకా జయించలేదంటే పక్క ఫైలు మీదికి పోతాయి.

బ్రిటన్ తీరు వేరు. వాళ్లకు మన ఏడుపు అక్కర్లేదు, సబ్జెక్టు మీద పిచ్చి ఉంటే చాలు. కాబట్టి ఒకే పిల్లాడు పొద్దున బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తులు తీసుకునే యూకాస్ కోసం ఉయ్యాలలోనే అర్థశాస్త్రాన్ని ప్రేమించినవాడై, సాయంత్రం కామన్ యాప్ కోసం బతుకులో చితికిపోయినవాడవుతాడు. ఈలోగా ఐబీలో 45కి ఎన్ని పాయింట్లు వస్తాయో టీచర్లు ముందే జోస్యం చెబుతారు. జ్యోతిష్కుడికి ఫోన్ చేసి గ్రహం మార్చమంటే కుదరదు గానీ, ఇక్కడ నాన్నగారు ప్రయత్నిస్తారు.

2019లో అమెరికాలో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణం గుర్తుండే ఉంటుంది. ఆడని ఆటల్లో పిల్లల్ని క్రీడాకారులుగా చూపించి కోచ్‌లకు డబ్బు ముట్టజెప్పారు. సూత్రధారి రిక్ సింగర్‌కు 2023లో 42 నెలల జైలు పడింది. వాళ్లు చేసిన పొరపాటల్లా ఆటలు సృష్టించడం. కష్టాలు సృష్టించి ఉంటే ఏ చట్టం పట్టుకునేది?

అందుకే ప్రతి స్కూల్లోనూ ఒక కష్టాల విభాగం పెట్టాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం తీసుకుని టర్ముకొక ఎదురుదెబ్బ. మొదట డిబేట్ జట్టు నుంచి అన్యాయంగా తొలగింపు. తర్వాత ప్రాణస్నేహితుడి ద్రోహం, స్నేహితుణ్ని స్కూలే సమకూరుస్తుంది. సీటిస్తే మీ దగ్గరే చేరతానని మాటిచ్చి ముందుగా పెట్టే ఎర్లీ డెసిషన్ దరఖాస్తుకు గడువు చాలాచోట్ల నవంబరు 1 కనుక గుణపాఠం అక్టోబరు కల్లా అందాలి. ఆలస్యమైతే ఫీజు వాపసు.

వెయిట్‌లిస్టులో పడ్డవాళ్లనూ మరవకూడదు. మీ మీద మనసు ఇంకా చావలేదని వాళ్లు మళ్లీ ఉత్తరం రాయాలి, దరఖాస్తు పెట్టాక కొత్తగా ఏం జరిగిందో అందులో చెప్పాలి. మూడు నెలల్లో కొత్త కష్టం దొరకడం మాటలా? ఇక సీటు రానేరాని పిల్లలకు ఎట్టకేలకు అసలు సిసలైన ఎదురుదెబ్బ తగులుతుంది గానీ, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. యూనివర్సిటీలు దయచేసి ఫలితాలు వెలువడ్డాక మరో పదిహేను రోజులు దరఖాస్తులు తీసుకోవాలని కోరుతున్నాను.