గుర్తింపు అందుకున్నాం, భారమూ పంచుకుందాం

2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు తెలుగువాళ్ళం అందరం సంబరపడ్డాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఇసుక పునాది, నీళ్ళలో తేలే ఇటుకలు... కొన్నాళ్ళపాటు ఎక్కడ చూసినా అవే ముచ్చట్లు. సరిగ్గా నాలుగేళ్ళకు, 2025 జులైలో, ఆ హోదా ఇచ్చిన యునెస్కో (ఐక్యరాజ్యసమితి విద్య, విజ్ఞాన, సంస్కృతి సంస్థ) నుంచి తప్పుకుంటున్నట్టు అమెరికా ప్రకటించింది. 2026 డిసెంబర్ నెలాఖరుకు అది అమల్లోకి వస్తుందని చెప్పింది. ఈ వార్త గురించి మన దగ్గర పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సింది.

అమెరికా ఇలా చేయడం కొత్తేమీ కాదు. 1984లో ఒకసారి వెళ్ళిపోయి 2003లో తిరిగొచ్చింది. 2011లో పాలస్తీనాకు సభ్యత్వం ఇవ్వగానే చందా కట్టడం ఆపేసింది. ఆ ఓటింగులో పాలస్తీనాకు అనుకూలంగా ఓటేసిన 107 దేశాల్లో మనదీ ఒకటి. 2018 ఆఖర్లో అమెరికా రెండోసారి బయటికి నడిచింది, 2023లో మళ్ళీ చేరింది. 2011లో బడ్జెట్‌లో 22 శాతం ఒక్కసారిగా ఆగిపోతే నియామకాలు నిలిచిపోయాయి, కార్యక్రమాలకు కోత పడింది. ఇప్పుడు అమెరికా వాటా మొత్తం బడ్జెట్‌లో 8 శాతం దాకానే ఉంది కాబట్టి ఈసారి సంస్థ కుప్పకూలదు. అంతమాత్రాన పర్వాలేదని అనుకోలేం. ఒక పెద్ద దేశం తనకు నచ్చనప్పుడల్లా లేచి వెళ్ళిపోతుంటే, పదేళ్ళు పట్టే పనిని ఏ సంస్థ మాత్రం ధైర్యంగా మొదలుపెడుతుంది?

పదేళ్ళు పట్టే పని అంటే ఏమిటో నాగార్జునసాగర్ చూసినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీటమునగడం ఖాయమైపోయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఆ లోయలో తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండపైన, దగ్గర్లోని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి కొండకు వెళ్తుంటే, ఒకప్పటి రాజధాని మన కాళ్ళ కింద నీళ్ళలో ఉంటుంది. అక్కడ దొరికిన శాసనాల్లో సింహళ భిక్షువులకు కట్టించిన విహారం ప్రస్తావన ఉంది. కశ్మీరం, గాంధారం, చైనాల పేర్లూ ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కిందటే కృష్ణ ఒడ్డుకు అంత దూరాలతో చదువు సంబంధాలు ఉండేవన్నమాట.

దాదాపు అదే కాలంలో ఈజిప్టుకూ ఇదే కష్టం వచ్చింది. అస్వాన్ ఆనకట్ట కడితే అబూ సింబెల్‌తో సహా నూబియా లోయలోని గుళ్ళన్నీ మునిగిపోతాయి. మనం మన నిధులతో, మన నిపుణులతో నెట్టుకొచ్చాం. అబూ సింబెల్ అలా ఒక దేశంతో అయ్యే పని కాదు. కొండలో తొలిచిన గుడిని 20, 30 టన్నుల రాళ్ళుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ పేర్చాలి. 1960 మార్చిలో యునెస్కో పిలుపునిస్తే 50 దాకా దేశాలు డబ్బో, మనుషులనో పంపాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆనకట్టకు సాయం సోవియట్ యూనియన్‌ది, గుళ్ళను కాపాడటానికి పెద్ద మొత్తం ఇచ్చింది అమెరికా. మన పురావస్తు శాఖ కూడా బి.బి. లాల్ నాయకత్వంలో 1961-62లో ఒక బృందాన్ని నూబియాకు పంపి తవ్వకాలు జరిపింది. మనమే పేద దేశం, అయినా పంపాం. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందానికి దారి వేసింది ఆ అనుభవమే. రామప్పకు హోదా దక్కింది ఆ ఒప్పందం కిందే.

సంస్కృతిని కాపాడటం వేరు, మానవ హక్కులు వేరు అనుకునేవాళ్ళు ఆఫ్రికా దేశం మాలిలో జరిగింది చూడాలి. 2012లో సాయుధ మతఛాందసులు టింబక్టులోని సూఫీ సమాధులను గునపాలతో కూలగొట్టారు. స్థానిక తాపీ మేస్త్రీలే పాత పద్ధతిలో మట్టితో వాటిని తిరిగి కట్టారు, యునెస్కో వెనక నిలబడింది. 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఆ విధ్వంసానికి బాధ్యుడైన అహ్మద్ అల్ ఫకీ అల్ మహదీకి తొమ్మిదేళ్ళ జైలు శిక్ష వేసింది. ప్రార్థనా స్థలాన్ని కూల్చడం యుద్ధ నేరమని, అక్కడి జనానికి పరిహారం ఇవ్వాలని తేల్చింది. ఏ ఒక్క దేశపు కోర్టో, ఒక్క దేశపు నిధో ఇంత దూరం తీసుకురాగలిగేది కాదు.

యునెస్కోలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. రాజకీయాలు ఎక్కువ, కాగితం పని ఇంకా ఎక్కువ. వారసత్వ జాబితాలో నిపుణుల మాటను సభ్య దేశాలు పక్కన పెట్టడం మామూలైపోయింది. రామప్ప విషయంలోనూ నిపుణుల సంస్థ అభ్యంతరాలు చెప్పింది, కమిటీలోని దేశాల మద్దతుతో గుడి గట్టెక్కింది. రామప్పకు ఆ అర్హత ఉందనే నా నమ్మకం, కానీ పద్ధతి బాగుపడాలి. బాగుచేయాలంటే లోపల ఉండాలి కదా. వెళ్ళిపోయినవాళ్ళ కుర్చీ ఖాళీగా ఉండదు. ఐక్యరాజ్యసమితి చందాల లెక్క ప్రకారం చైనా వాటా దాదాపు 20 శాతం, మనది 1 శాతం చిల్లర. కృత్రిమ మేధ నైతికతపై 2021లో 193 దేశాలు ఒప్పుకున్న సిఫారసు లాంటివి రేపు ఎవరి ఆలోచనలతో తయారవుతాయో ఈ అంకెలను బట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడే మన దేశం మీద నాకు అసంతృప్తి. యునెస్కోను మనం బోర్డులు ఇచ్చే ఆఫీసులా చూస్తున్నాం. హైదరాబాద్‌కు 2019లో వంటకాల నగరం గుర్తింపు, 2022లో వరంగల్‌కు అభ్యసన నగరాల జాబితాలో చోటు దక్కాయి. లేపాక్షి, ముడుమల్ నిలువురాళ్ళు, ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు ఇప్పుడు ప్రపంచ వారసత్వ హోదాకు ముందుండే తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. అన్నీ రావాలి, వస్తే ఆనందమే. కానీ ఆ సంస్థను నిలబెట్టినవాళ్ళలో మనమూ ఉన్నామని మరిచిపోతున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయిన 1931లోనే సర్వేపల్లి రాధాకృష్ణన్ నానాజాతి సమితి మేధో సహకార కమిటీలో చేరారు. యునెస్కోకు ముందున్న ఆ కమిటీలో ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ లాంటివాళ్ళు పనిచేశారు. 1948-49లో ఆయన యునెస్కో కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు కూడా. అప్పటికి మన చేతిలో డబ్బు లేదు, మాటకు మాత్రం విలువ ఉంది.

ఇప్పుడు రెండూ ఉన్నాయి. వాటిని వాడాల్సిన చోటు అఫ్గానిస్థాన్. అక్కడ 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు, 2022 డిసెంబర్ నుంచి యూనివర్సిటీ లేదు. తాలిబన్ల నిషేధంతో కనీసం 14 లక్షల మంది అమ్మాయిలకు హైస్కూల్ చదువు దూరమైందని 2024లో యునెస్కో చెప్పింది. రేడియోలో, టీవీలో పాఠాలు చెప్పించే ప్రయత్నాలకు అది సాయం చేస్తోంది. 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రి ఢిల్లీ వస్తే తొలి ప్రెస్ మీట్‌కు మహిళా జర్నలిస్టులను రానివ్వలేదు. గొడవ అయ్యాక రెండు రోజులకు మరొకటి పెట్టి వాళ్ళనూ పిలిచారు. ఒత్తిడి పని చేస్తుందని మన కళ్ళముందే తేలింది. కాబూల్‌తో మనకు అవసరాలున్నాయి, మాట్లాడక తప్పదు, సరే. మాట్లాడే ప్రతిసారీ బడి సంగతి ఎత్తడానికి అడ్డం ఏముంది?

మన రాష్ట్రాలూ చేయగలిగింది ఉంది. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఏళ్ళుగా అఫ్గాన్ విద్యార్థులు చదువుతున్నారు. ఇంట్లోంచి బయటికి రాలేని అమ్మాయిలకు ఆన్‌లైన్ డిగ్రీ సీట్లు, ఫీజు మాఫీ, పాత సర్టిఫికెట్లు చేతిలో లేకపోయినా పరీక్ష పెట్టి చేర్చుకునే వెసులుబాటు ఈ రెండు యూనివర్సిటీలూ ఇవ్వాలి. ఢిల్లీ వంతుగా, యునెస్కో అఫ్గాన్ కార్యక్రమానికి తప్పనిసరి చందా పైన స్వచ్ఛంద నిధిని వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించాలి.