రచనా సమయంలో మోటారు వేయరాదు

అనంతపురానికి సేవ చేయడానికి విమానమెక్కి వచ్చే వాలంటీర్లలో పుస్తకం రాయనివారు కనబడితే పట్టి జూలో పెట్టాలి. దిగిన వారానికే మొదటి వాక్యం సిద్ధం: "దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఒకటి." ఏ దేశస్థుడు రాసినా ఇదే. పక్కనే ఏడాదికి 550 మిల్లీమీటర్ల సగటు కూడా ఉంటుంది. జూన్, జులైలో పదును దొరక్క శెనక్కాయ విత్తనం ఇంట్లోనే మూలిగితే ఏమవుతుందో మాత్రం ఉండదు.

సేవనీ సాహిత్యాన్నీ సమన్వయం చేసుకునే శాస్త్రీయ పద్ధతి వీరి దగ్గర ఉంది. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా రచన. ఆ వేళ ఎవరూ పలకరించరాదు. చీనీ (బత్తాయి) తోటకు కరెంటు కూడా ఆ వేళకే వస్తుంది, దానికి సాహిత్యాభిలాష లేదు.

వారికి అప్పగించిన పని డ్రిప్పు ఫిల్టరు కడగడం. ఫిల్టరుకు ముందూ వెనకా నీటి ఒత్తిడి చూపే గేజీల మధ్య తేడా అర కేజీ దాటితే జాలీ పూడిందని అర్థం. మోటారు ఆపాలి, మూత విప్పాలి, జాలీని మెత్తటి బ్రష్షుతో కడగాలి, వాషరు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాలి. ఆపైన చెట్ల వరసల వెంట పోయే లేటరల్ పైపుల చివరి మూతలు తీసి మురికి పోయేదాకా నీళ్లు వదలాలి. మన బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పరు కన్నాల్లో తెల్లగా పేరుకుంటుంది. కడగకపోతే పంపు దగ్గరి చెట్లు తాగుతాయి, చివరి వరస పిందె రాల్చుకుంటుంది.

రచయిత వేపచెట్టు కింద ఉన్నాడు. రైతు వచ్చి, "ఏమప్పా, ఆ మూత కొంచెం తిప్పరాదా?" అన్నాడు. నోట్‌బుక్కులో పడింది: "ఆ గొంతులో శతాబ్దాల దాహం." రైతే మూత తిప్పుకున్నాడు. "ఆ చేతుల్లో భూమి చరిత్ర." వాషరు జారి నీళ్లు మొహాన చిమ్మాయి. "అతను ఏడుస్తున్నాడు." ఈలోగా కరెంటు పోయింది. అధ్యాయం పూర్తయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మొగుడు పురుగుమందు తాగి చచ్చిన ఇంటికి కూడా అదే నోట్‌బుక్కుతో పోతారు చూడండి, అక్కడ నవ్వు రాదు. ప్రతి ఏడూ కొత్త మనిషి, అవే ప్రశ్నలు. "మల్లా మొదటి నుంచి చెప్పాల్నా నాయనా?" అంటుంది ఆమె. చెప్పిస్తారు. ఏడ్చేదాకా చెప్పించి, ఏడ్చాక ఫోటో తీస్తారు. అడిగి తీశారా? సిగ్గుండాలి! సర్కారు పరిహారం కావాలంటే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు కాగితాలు, పాసుపుస్తకం జతచేసి అర్జీ పెట్టుకోవాలి. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కూర్చునే కమిటీ తేల్చాలి. కౌలు రైతు పేర పాసుపుస్తకం ఎక్కడుంటుంది? కౌలు కార్డు లేకుంటే ఫైలు ఆగుతుంది. దుబాసీ కుర్రాడు పక్కనే ఉన్నాడు, పెన్ను రచయిత చేతిలోనే ఉంది. ఆమె ఆ అర్జీ రాసిపెట్టమంది.

అది తన ప్రాజెక్టు కిందికి రాదన్నాడు.