అంకెలు పెద్దవైతే కార్డు గొప్పదా?

కొత్త గ్రాఫిక్స్ కార్డు ఏది వచ్చినా, వెంటనే ఒక పట్టిక తిరగడం మొదలవుతుంది. ఎడమవైపు ఒక కార్డు, కుడివైపు ఇంకోటి. కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఎన్ని, క్లాక్ (అవి నడిచే వేగం) ఎంత, మెమరీ ఎంత, టెరాఫ్లాప్స్ (సెకనుకు చేయగల లక్షల కోట్ల లెక్కలు) ఎన్ని. పెద్ద అంకె ఉన్న గడికి పచ్చ రంగు. కింద "మన కార్డే తోపు" అని ఒకరు, దాని కింద తిట్లు. ఆ అంకెలు తప్పని నేను అనడం లేదు. చాలావరకు కంపెనీలు ఇచ్చినవే. కానీ వేర్వేరు తరాల కార్డుల అంకెల్ని అలా పక్కపక్కన పెట్టి విజేతను ప్రకటించడం మాత్రం శుద్ధ దండగ.

ఆర్‌టీఎక్స్ 2080 టీఐ తీసుకోండి. ఎన్విడియా కంపెనీది, 2018 నాటిది. 4352 కుడా కోర్లు (ఎన్విడియా తన కోర్లకి పెట్టుకున్న పేరు), 13.4 టెరాఫ్లాప్స్. 2020లో ఆర్‌టీఎక్స్ 3070 వచ్చింది. 5888 కోర్లు, 20 టెరాఫ్లాప్స్ పైనే. పట్టికను నమ్మితే కొత్తది పాతదాన్ని చిత్తు చేయాలి. గేముల్లో కొలిచి చూస్తే రెండూ దాదాపు సమానం! కారణం కోర్లను లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది. 2080 టీఐ చిప్‌లో ఒక్కో బ్లాకుకి 64 యూనిట్లు ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల) లెక్కలు చేస్తే, పక్కనే మరో 64 యూనిట్లు ఇంటీజర్ (పూర్ణాంకాల) లెక్కలు చూసుకునేవి. 3070 తరానికి వచ్చేసరికి ఆ రెండో వరసకి కూడా ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు చేసే శక్తి ఇచ్చారు. అంతే, ఒక్కో బ్లాకుకి కోర్ల సంఖ్య 64 నుంచి 128 అయిపోయింది. కానీ ఇంటీజర్ పని వచ్చినప్పుడల్లా ఆ రెండో వరస అటు వెళ్లాల్సిందే, గేముల్లో ఆ పని ఎప్పుడూ ఉంటుంది. పైగా మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా వచ్చే వేగం, సెకనుకు 616 గిగాబైట్ల నుంచి 448కి తగ్గింది. ఇదంతా పచ్చ రంగు గడుల్లో కనపడదు.

పోటీ కంపెనీ ఏఎమ్‌డీ అభిమానులు అప్పుడే నవ్వకండి. ఆర్‌ఎక్స్ 6950 ఎక్స్‌టీకి దాదాపు 24 టెరాఫ్లాప్స్ అయితే, తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌కి 61 రాశారు. గేముల్లో రెండున్నర రెట్లు వేగం ఎక్కడైనా చూశారా? ఒక్కో యూనిట్ ఒకేసారి రెండు సూచనలు అమలు చేయగలదని ఆ లెక్క కట్టారు. అలా జంటగా నడిపే వీలు ప్రతిసారీ దొరకదు. అసలు టెరాఫ్లాప్స్ అంటేనే, చిప్‌లోని ఏ యూనిట్టూ ఒక్క క్షణం ఖాళీగా ఉండకపోతే వచ్చే అంకె. అలా నడిచే గేమ్ లేదు. నా దృష్టిలో గేమింగ్ పోలికల్లో టెరాఫ్లాప్స్ కాకి లెక్కే.

బస్, అంటే చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా నడిచే దారి, దాని వెడల్పు గురించి గొడవ ఇంకోటి. "128 బిట్ అంటే చెత్త" అని ఒక మాట పట్టుకుని వేలాడుతున్నారు. ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీకి 256 బిట్ బస్సే. అయినా 320 బిట్ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080తో పోటీపడింది. చిప్‌లోనే 128 మెగాబైట్ల క్యాష్ (తరచూ వాడే డేటాని దగ్గరే ఉంచుకునే వేగవంతమైన చిన్న మెమరీ) పెట్టుకుంది కాబట్టి. అలాగని క్యాష్ అన్నిసార్లూ కాపాడదు. ఆర్‌టీఎక్స్ 4060 టీఐలో బస్ 128 బిట్‌కి కోసేశారు, బ్యాండ్‌విడ్త్ సెకనుకు 288 గిగాబైట్లు. పాత 3060 టీఐకి అది 448. క్యాష్ మాత్రం 4 నుంచి 32 మెగాబైట్లకి పెంచారు. 1080పీ రిజల్యూషన్‌లో కొత్తదే ముందుంటుంది. రిజల్యూషన్ పెంచేకొద్దీ క్యాష్‌లో దొరకని డేటా పెరుగుతుంది, ఆ ఆధిక్యం కరిగిపోతుంది. అంటే "ఏది మంచిది" అనే ప్రశ్నకి ముందు "ఏ రిజల్యూషన్‌లో" అని అడగాలి. తక్కువ రిజల్యూషన్‌లో మరో తిరకాసు. అక్కడ కంప్యూటర్ ప్రాసెసరే (సీపీయూ) అడ్డుపడి, బాగా తేడా ఉన్న రెండు కార్డులు కూడా ఒకేలా కనిపిస్తాయి.

సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) ఒక్కటే చూపించే వీడియోలంటే నాకు ఇంకా చిరాకు. ఒక సెకనులో 90 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్క ఫ్రేమ్‌కి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. సగటు 91. స్క్రీన్ మీద మాత్రం ఆట ఠక్కున ఆగి కదులుతుంది. 2011లోనే స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు ఈ విషయం పట్టుకుని, సెకను లోపల ఏం జరుగుతోందో ఫ్రేమ్ టైమ్ గ్రాఫులతో చూపించాడు. ఇన్నేళ్లయినా "1% లో (low)" అంకె, అంటే అతి నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం, ఇవ్వని పోలికలు వస్తూనే ఉన్నాయి. ఒకే చిప్ ఉన్న 8 జీబీ, 16 జీబీ కార్డులు పోల్చేటప్పుడు ఇదే ముఖ్యం. మెమరీ నిండేదాకా రెండింటికీ తేడా ఉండదు. నిండాక తేడా మొదట కనిపించేది సగటులో కాదు, ఆ కుదుపుల్లో. కొన్ని గేములైతే కుదుపు కూడా రానివ్వకుండా టెక్స్చర్లనే (వస్తువుల మీద పరిచే బొమ్మలనే) మసకగా చూపిస్తాయి. ఆ మసక ఏ బార్ గ్రాఫ్‌లోనూ రాదు.

ఇక ఫ్రేమ్ జనరేషన్. 2025 జనవరిలో ఎన్విడియా సీఈఓ జెన్సన్ హువాంగ్ స్టేజీ మీద ఆర్‌టీఎక్స్ 5070 అంటే 4090 పనితీరు అని చెప్పారు. 5070కి 6144 కోర్లు, పాత తరం 4090కి 16384. ఆ తేడాని పూడ్చింది కార్డు లెక్కగట్టిన ప్రతి ఫ్రేమ్‌కీ అదనంగా మూడు దాకా ఊహించి కలిపే మల్టీ ఫ్రేమ్ జనరేషన్. ఆ టెక్నాలజీ నాకు ఇష్టమే, దృశ్యం నిజంగానే నునుపుగా కనిపిస్తుంది. కానీ మౌస్ కదిపితే స్పందించేది అసలు ఫ్రేములే. 30 ఎఫ్‌పీఎస్‌ని 120గా చూపించినా చేతికి తెలిసేది ఆ 30 బరువే. దాన్ని మామూలు ఫ్రేముల బార్ పక్కన నిలబెట్టడం మోసం, ఇంకో మాట లేదు.

స్పెసిఫికేషన్లు పూర్తిగా పనికిరావని కాదు. ఒకే తరంలో పోలిస్తే దారి చూపిస్తాయి. 4070 నుంచి 4070 సూపర్‌కి కోర్లు 5888 నుంచి 7168కి పెరిగాయి, బ్యాండ్‌విడ్త్ మారలేదు. కోర్లు 22 శాతం పెరిగినా ఫలితం అంతకంటే తక్కువే ఉంటుందని ముందే ఊహించొచ్చు, అలాగే జరిగింది.

పేర్లతో ఆడే ఆటే అన్నిటికంటే దరిద్రం. జీటీ 1030కి మొదట సెకనుకు 48 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్. 2018లో అదే పేరుతో నెమ్మదైన డీడీఆర్4 మెమరీ పెట్టి వదిలిన దానికి 17 కూడా లేదు. 3060 పేరుతో 8 జీబీ రకం తెచ్చినప్పుడు తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, బస్ కూడా 192 నుంచి 128 బిట్‌కి పోయింది. 4080 పేరుతో 12 జీబీ కార్డు ప్రకటించి, జనం దుమ్మెత్తిపోస్తే 2022 అక్టోబరులో వెనక్కి తీసుకుని, కొత్త ఏడాదిలో 4070 టీఐగా అమ్మారు. ల్యాప్‌టాప్‌లో 4090 అంటే 9728 కోర్లు, అంటే డెస్క్‌టాప్ 4080 లెక్క. ల్యాప్‌టాప్ 4060నైతే తయారీదారు 35 వాట్లకైనా, 115 వాట్లకైనా బిగించొచ్చు. రెండింటి మీదా ఒకటే స్టిక్కర్.